గేటు దాటిందా

"భువనా, వీళ్లకు ఇంకో రెండు గారెలు వట్టుకరా. టోల్ గేటు ముచ్చట చెప్తున్న," అని హాల్లోంచి కేకేశాడు రత్నాకర్.

మూకుడు ముందు నిలబడ్డ భువన చేతిలో జల్లిగరిటె కాసేపు ఆగి మళ్లీ తిరిగింది. ఆగితే గారెలు మాడతాయి. మాడితే అత్తగారు భారతమ్మ వాటిని పళ్లెం అంచుకు జరిపి అందరికీ కనిపించేలా పెడుతుంది. నూనె వేడికి మొహం మండుతోంది, పొద్దున్నుంచీ నిలబడే ఉండటం వల్ల మడమలు గుంజుతున్నాయి. అయినా ఆ కేక విన్నాక కలిగిన నొప్పి ముందు ఇవన్నీ ఏపాటివి!

టోల్ గేటు ముచ్చట. సిద్దిపేటలో వీళ్ల చుట్టాల్లో అది వినని వాళ్లు లేరు. పెళ్లి విందుల్లో చెప్పాడు, దుకాణం ముందు చాయ్ తాగుతూ చెప్పాడు, కొమురవెల్లి మల్లన్న దర్శనానికి లైన్లో నిలబడి ముందున్న మనిషికి, వెనకున్న మనిషికి కూడా చెప్పాడు. చెప్పగా చెప్పగా బాగా నోటికి పట్టింది. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగి నవ్వులు రానివ్వాలో అతనికి ఇప్పుడు బాగా తెలుసు. ఈ ముచ్చట పుట్టి రేపటికి ఏడాది. రేపే భువన తల్లి స్వరాజ్యం సంవత్సరీకం, అల్వాల్‌లో తమ్ముడు సాయిప్రసాద్ ఇంట్లో. ఆ రెండూ ఒకే రోజు సంగతులని ఈ ఇంట్లో భువనకు తప్ప ఎవరికీ తట్టదు.

ఇవాళ భోజనానికి వచ్చింది వంశీ, అతని భార్య రుచిత. గజ్వేల్‌లో రెండో దుకాణం పెట్టడానికి రత్నాకర్‌తో చెయ్యి కలుపుతున్న కుర్రవాడు వంశీ. కొత్త వాళ్లు దొరికారంటే రత్నాకర్‌కు ఆ ముచ్చట చెప్పకపోతే అన్నం సహించదు.

"గీ రోడ్డు ఎవలిది తమ్మీ? కొండపాక కాడ మా తాత చెలక గీ రోడ్డు కిందికే పోయింది. మా తాత చెలక మీదికెళ్లి పోనీకి నాకే టికెట్టా?"

అతనిది పైసల పిసినారితనం కాదు. భువన ఆ మాట ఒప్పుకుంటుంది. హోటల్‌కు పోతే పక్క టేబుల్ బిల్లు కూడా కట్టే మనిషి. గేటు దగ్గర మాత్రం పౌరుషం పొడుచుకొస్తుంది. రాజీవ్ రహదారి వెడల్పు చేసినప్పుడు ఆ మెట్ట చెలక కొంత పోయిన మాట నిజమే. ఆ చెలకకు వచ్చిన పరిహారంతోనే సిద్దిపేటలో బోరు మోటర్లు, పైపుల దుకాణం పెట్టారు. ఆ సంగతి మాత్రం గేటు దాకా వచ్చేసరికి పాపం ఇంట్లోనే మర్చిపోయి వస్తాడు.

అందుకే వీళ్ల కారుకు ఫాస్టాగ్ ఉండీ లేనట్టే. అందరి కార్లకూ అద్దం లోపల అతికి ఉంటుంది, వీళ్లది చేతుల మీద తిరుగుతుంది. కారుకూ, దుకాణం వ్యాన్‌కూ కలిపి ఒకటే టాగ్, ఏ బండి బయటికి పోతే దాంట్లో పడుంటుంది. కార్లో పోయేటప్పుడు దాన్ని పట్టడం భువన పని. గేటు కనపడగానే రత్నాకర్ ఆమె దిక్కు చూస్తాడు. కనుబొమ ఎగరేస్తే అద్దానికి ఆనించి పట్టాలి. తల అడ్డంగా ఊపితే ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పాలి, ఆ రోజు 'లోకల్, టోల్ కట్టేది లేదు' అని దబాయిస్తాడన్న మాట. పగలు అతను అన్నం తిని కునుకు తీసినంత సేపూ దుకాణంలో గల్లా మీద కూర్చునేది భువనే. మోటర్లు కాలిపోయాయని లొల్లి పెట్టే రైతులకు సర్దిచెప్పేదీ ఆమే. సాయంత్రం వచ్చి అత్తగారి మోకాళ్లకు మందు రాసేదీ ఆమే. ఇంట్లో వాళ్ల లెక్కలో అవే పనులు కానప్పుడు టాగ్ పట్టడం పనెట్లా అవుతుంది? చెయ్యి లాగుతోందని ఒకసారి అంటే, "కూసున్న కాడ కూసోని చెయ్యి లేపుడే కదనే," అని నవ్వాడు రత్నాకర్.

గారెల గిన్నె పట్టుకుని భువన హాల్లోకి వచ్చింది.

"ఎండలు దంచికొడ్తున్నయ్. లైన్ల ఇరికినం. టాగ్ తియ్యవే అన్న. ఏది? డాష్‌బోర్డుల లేదు, సీటు కింద లేదు. మా మేడం టాగ్ ఇంట్ల మర్సి వచ్చింది!"

భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వంశీ మర్యాదకు నవ్వాడు. భువన అతని పళ్లెంలో రెండు గారెలు వేసింది.

టాగ్‌ను ముందు రోజు సాయంత్రం వ్యాన్‌లో పెట్టమని మరిది సందీప్ చేతికి ఇచ్చింది రత్నాకరే. ఈ ముచ్చట మొదటిసారి విన్నప్పుడు భువన ఆ మాట అన్నది కూడా. "ఎవలిస్తే ఏందే, బండెక్కేటప్పుడు సూసుకోవద్దా?" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆమె మళ్లీ అనలేదు. సందీప్ మాత్రం ఆమె కూరగాయలకు బయల్దేరినా వదలడు. "వదినె, టాగ్ వట్టుకున్నవా?" అంటాడు. అందరూ నవ్వుతారు. తప్పు ఎవరిదన్నది ఇప్పుడు ఆ ఇంట్లో రాయి మీద చెక్కినంత ఖాయం.

"గా బూత్ల ఒక పోరి కూసున్నది. టాగ్ లేకుంటే డబల్ కట్టాలె సార్ అంటది. డబలా? నాకా? ముందుగాల నీ మేనేజర్‌ను పిలువు అన్న."

ఆ పిల్ల మొహం భువనకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. చెమటకు నుదుటి బొట్టు చెదిరింది. గొంతు లేపకుండా, "సార్, నా చేతుల లేదు సార్," అంటూనే ఉంది. వెనక హారన్లు. సరిగ్గా అప్పుడే భువన ఫోన్ మోగింది. సాయిప్రసాద్.

"అక్కా, ఎక్కడిదాక వచ్చిన్రు? అవ్వ అడుగుతుంది."

తల్లి ఎప్పుడూ అడిగే మాటే అది. భువన పెళ్లయి సిద్దిపేటకు వచ్చిన కొత్తల్లో పుట్టింటికి బస్సులో పోయేటప్పుడు తల్లి ఫోన్ పట్టుకునే కూర్చునేది. ప్రజ్ఞాపూర్ దాటినమే అంటే బియ్యం కడిగేది. శామీర్‌పేట దాటినం అంటే పొయ్యి మీద పెట్టేది. బిడ్డ గుమ్మంలో అడుగు పెట్టేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండాలి, అదీ ఆమె పంతం. చల్లారిన అన్నం అత్తగారింట్లో ఎట్లాగూ తింటుంది కదా అనేది. తన బిడ్డ అందరికీ వడ్డించి చివర్లో తింటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ తల్లి ఆ రోజు అల్వాల్‌లో ఒక దవాఖానలో ఆక్సిజన్ పెట్టుకుని పడుకుని అదే మాట అడుగుతోంది. సాయంత్రం దాకా ఉంటదో ఉండదో అని డాక్టర్ పొద్దున్నే చెప్పేశాడు.

"టోల్ గేటు కాడ ఉన్నంరా. వస్తున్నం, చెప్పు," అన్నది భువన.

ఫోన్ పెట్టేసి పర్సులోంచి నోట్లు తీసింది. "అవ్వకు మంచిగ లేదు. ఇచ్చేద్దామండి," అని భర్త మీదుగా వంగి కిటికీ బయటికి చెయ్యి చాపింది. బూత్‌లో పిల్ల కూడా చెయ్యి చాపింది. ఆ రెండు చేతుల మధ్య జానెడు దూరం ఉందేమో. రత్నాకర్ ఆమె మణికట్టు పట్టుకుని, చెయ్యిని తెచ్చి ఆమె ఒళ్లోనే పెట్టాడు. "నేను మాట్లాడుతున్న గదా. మధ్యల నీదేంది? ఐదు నిమిషాలల్ల ఏమైతది?" బూత్‌లో పిల్ల భువనను చూసి తల దించుకుంది. నోట్లు ఒళ్లోనే నలిగాయి.

ఈ ఏడాదిలో భువన అర్థం చేసుకున్నది ఒకటి ఉంది. ఆ గేటు కారును ఆపింది గానీ తనను ఆపలేదు. నడిచిపోయే మనిషికి ఏ గేటూ అడ్డం రాదు. తలుపు తీసుకుని దిగి, బూత్ ముందు అడ్డంగా వాల్చిన ఆ బద్ద పక్కనుంచి నడిచి, అవతల ఏ బస్సుకో చెయ్యెత్తితే ఆపి ఎక్కించుకునేవాళ్లు. ఆ ఆలోచనే రాలేదు. ఇరవై ఏళ్లుగా ఎవరో నడిపితేనే కదలడం అలవాటైన ఒంటికి, సొంతంగా దిగొచ్చన్న సంగతే గుర్తు రాలేదు. ఆ ఒక్కటి తల్చుకుంటే ఆమెకు అన్నం గొంతు దిగదు.

"మేనేజర్ వచ్చిండు. వానికి మా తాత చెలక సంగతి మొత్తం చెప్పిన. ఎనుకకెళ్లి లారోళ్లు హారన్లు కొట్టుడే కొట్టుడు. నేను కదల్లె. ఆఖరికి ఏం చేసిన తెల్సా?" రత్నాకర్ ఇక్కడ ఆగుతాడు. ఆగాడు. "రివర్స్ గేర్ ఏసిన! ఎనుకున్న బండ్లన్నీ జరిగినయ్ తమ్మీ, లారీలు గూడ జరిగినయ్. లోపలి తొవ్వకు దిగిన, ఊళ్లల్లకెళ్లి తిరిగి గేటు అవుతల ఎక్కిన. ఒక్క రూపాయి ఇయ్యలె!"

"అబ్బ, గట్టోనివే అన్నా," అన్నాడు వంశీ.

ముచ్చట ఎప్పుడూ ఇక్కడే అయిపోతుంది. కారు గేటు అవతల ఎక్కుతుంది, అందరూ నవ్వుతారు, పెరుగు వడ్డిస్తారు. ఆ లోపలి తొవ్వలో ఏమైందో ముచ్చటలో లేదు. యాసంగి వడ్లు కోసిన రోజులు. సన్నటి సిమెంటు రోడ్డు, సగం దాకా వడ్లు ఆరబోసి, ఎవరూ తొక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్. కారు ముందుకు పోదు, ట్రాక్టర్ వెనక్కి రాదు. వడ్ల మీదుగా ఎక్కిస్తే పోవచ్చు. భువన ఆ మాట నోటిదాకా తెచ్చుకుంది. రత్నాకర్ అప్పటికే కారు దిగాడు. "తొక్కద్దు, రైతు గోస మనకు తెల్వదా," అంటూ చెప్పులు విడిచి, కాళ్లతో వడ్లు కలబెడుతున్న ఒక ముసలామెతో కలిసి వడ్లను పక్కకు నెట్టడం మొదలుపెట్టాడు. ఎంత ఓపికగా, ఎంత ప్రేమగా నెట్టాడో. గేటు దగ్గర రంకెలేసిన మనిషి ఇతనేనా అనిపించింది. ఎవరి గోస అయినా తెలుస్తుంది ఇతనికి. కార్లో కూర్చున్న దానిది తప్ప.

ఆ వడ్లు సగం జరిగాయో లేదో ఫోన్ మోగింది. ఈసారి సాయిప్రసాద్ "అక్కా" అన్నాడు. ఇంకేం అనలేదు.

తర్వాత దినాలప్పుడు, చుట్టాలు వెళ్లిపోయాక, పెరటి మెట్ల మీద కూర్చుని తమ్ముడు చెప్పాడు. "'టోల్ గేటు కాడ ఉన్నదట అవ్వా' అని చెప్పిన. కండ్లు మూసుకున్నది. జర సేపయినంక 'గేటు దాటిందా?' అన్నది. ఇంకా లేదే అన్న. మల్ల అడిగింది. 'దాటితే చెప్పురా, బియ్యం కడగాలె' అన్నది అక్కా. నేను నీకు ఫోన్ కలుపుతనే ఉన్న. కలిసేవరకు..." ఆ పిచ్చి తల్లి, ముక్కుకు గొట్టం పెట్టుకుని, బియ్యం కడగడానికి లేవాలనుకుంది. గేటు దాటిందా అన్న మాటకు ఆమెకు జవాబు అందలేదు. భువన ఆ రోజు మెట్ల మీద ఏడ్చిన ఏడుపు ఇంకా అయిపోలేదు, లోపల నడుస్తూనే ఉంది.

హాల్లో నవ్వులు సద్దుమణిగాయి. రుచిత గారె తుంచుతూ, ఏదో మాట కలపాలి కాబట్టి అన్నట్టు అడిగింది. "ఇంతకు గప్పుడు యాడికి పోతున్నరన్నా?"

ఏడాదిగా ఇంతమంది ఈ ముచ్చట విన్నారు. ఎక్కడికి పోతున్నారని ఒక్కరూ అడగలేదు. భువన పెరుగు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. అతను ఏం చెప్తాడో వినాలని ఆమెకు ఎంతో ఆశ కలిగింది. మొహం చిన్నబోతే చాలు. మాట తడబడితే చాలు. ఆ ఒక్కదానికే మొత్తం క్షమించేద్దామనుకుంది, ఒట్టు.

రత్నాకర్ మజ్జిగ మిరపకాయ నములుతూ ఆలోచించాడు. "గప్పుడా... ఏదో పని మీద హైదరాబాద్ పోతున్నం. దుకాణం మాల్ గురించే అనుకుంట," అన్నాడు.

అబద్ధం ఆడలేదు అతను. ఆ మొహం చదవడం భువనకు బాగా వచ్చు. అబద్ధమైతే చెవి గోక్కుంటాడు. నిజంగానే గుర్తు లేదు. రేపటి సంవత్సరీకానికి వంటవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చింది అతనే, పండ్ల బుట్టలు తెప్పించిందీ అతనే. స్వరాజ్యం పోయిందని గుర్తుంది, టోల్ గేటు గుర్తుంది. రెండింటి నడుమ కార్లో కూర్చున్న భార్య మాత్రం గుర్తు లేదు.

"మా అవ్వ పానం పోతుంటే సూడనీకి పోతున్నం," అన్నది భువన.

గొంతు లేపలేదు. పెరుగు గిన్నె బల్ల మీద పెట్టింది.

"అందలేదు. తొవ్వల వడ్లు జరుపుతున్నప్పుడు పోయింది. టాగ్ నేను మర్వలేదు. ముందు రోజు ఈయనే సందీప్‌కు ఇచ్చిండు."

రుచిత గారె ముక్కను పళ్లెంలో పెట్టేసింది. వంశీ తల వంచుకున్నాడు. రత్నాకర్ భార్య మొహం చూశాడు, తల్లి మొహం చూశాడు. గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు. భారతమ్మే తేరుకుంది. "తినేకాడ గిదేం ముచ్చటే కోడలా? వచ్చినోళ్లు ఏమనుకుంటరు? వడ్డించు, వడ్డించు."

భువన వడ్డించింది. అందరికీ పెరుగు వేసింది.

వాళ్లు వెళ్లాక రత్నాకర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నల్గురిల నా ఇజ్జత్ తీసినవ్ గదనే. నేను కావాలని చేసిన్నా? మీ అవ్వ దినాలకు ఎవలు పెట్టిన్రు? పాడె ఎవలు మోసిన్రు?"

"మీరే," అన్నది భువన గిన్నెలు తోముతూ. నిజమే కదా. పాడె మోశాడు, ఊరంతటికీ భోజనాలు పెట్టాడు. పోయినాక చేయాల్సినవన్నీ ఏ లోటూ లేకుండా చేశాడు. పోకముందు భువన అడిగింది మాత్రం ఒక్కటే, టోల్ ఇచ్చేద్దామని.

ఆ ఒప్పుకోలు అతనికి చాలింది. గొంతు మెత్తబడింది. "సరే తియ్. రేపు పొద్దుగాల తయారుండు. టాగ్ కార్లనే ఉంది, మల్ల మర్వకు," అని వెళ్లి ఫ్యాన్ కింద పడుకున్నాడు. అతను వేళాకోళానికి కూడా అనలేదు. అలవాటుగా అన్నాడు.

తెల్లవారి భువన తలస్నానం చేసి, అవ్వ పెట్టిన చీర కట్టుకుని, కారు తాళం తీసింది. డాష్‌బోర్డులోంచి టాగ్ తీసింది. ఇన్నేళ్లుగా వెనక కాగితం కూడా ఊడని టాగ్. గోరుతో ఆ కాగితం ఒలిచింది. అద్దం మధ్యలో, అద్దం మసక తుడిచి మరీ, బొటనవేలితో అంచులన్నీ గట్టిగా నొక్కుతూ అతికించింది. ఇక దాన్ని పీకితే చినిగిపోతుంది. ఇక దాన్ని పట్టుకోవడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు.

రత్నాకర్ పళ్లపుల్లతో బయటికి వచ్చేసరికి ఆమె బ్యాగు భుజాన వేసుకుని ఇంటి గేటు దగ్గరుంది.

"యాడికే?"

"అల్వాల్‌కు. బస్సుకు పోతున్న."

"ఇంట్ల కారుండంగ ఫ్రీ బస్సుల నిలవడి పోతవా? నల్గురు ఏమనుకుంటరే?"

"మీరు, అత్తమ్మ కార్ల రాండ్రి. టాగ్ అతికించిన." "నేను మాత్రం గా కార్ల మీ పక్కకు ఇంకెప్పుడు కూసోను."

పళ్లపుల్ల నోట్లోనే ఉండగా అతను అద్దం మీది టాగ్ దిక్కు చూశాడు.

బస్సులో ఆధార్ చూపించి, కండక్టరమ్మ ఇచ్చిన సున్నా టికెట్ పర్సులో పెట్టుకుంది. కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన ఎవరో పెద్దామె మల్లెపూలు మాల కడుతోంది. ఊరు దాటింది బస్సు. పొలాలు మొదలయ్యాయి. మళ్లీ వడ్లు ఆరబోసిన రోజులే. దూరంగా గేటు కప్పు కనిపించేసరికి భువన చెయ్యి దానంతట అదే లేచింది, అద్దానికి ఆనించడానికి. చెయ్యి ఖాళీగా ఉంది. ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుంది. ఆ బూత్, ఆ బద్ద, ఆ హారన్లు అన్నీ ఒక్కసారి మీద పడతాయనుకుంది.

డ్రైవర్ జోరు తగ్గించాడు. బద్ద లేచింది. బస్సు సరిగ్గా ఆగనైనా ఆగలేదు. పక్కన పెద్దామె కట్టే పువ్వు ముడి పడేలోపు గేటు వెనక్కి పోయింది.

ఇంతేనా. ఇంత మాత్రానికేనా, తల్లీ.

భువన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాదిగా లోపల నడుస్తున్న ఏడుపు బయటికి వచ్చింది. పెద్దామె దండ పక్కన పెట్టి, ఏమీ అడగకుండా ఆమె వీపు మీద చెయ్యి వేసింది. వెనక్కి తిరిగి చూస్తే గేటు చిన్నదై, ఎండలో కలిసిపోయింది. భువన కళ్లు తుడుచుకుంది. కిటికీ వైపు తిరిగి, ఫోన్‌లో అవ్వతో మాట్లాడేటప్పటి గొంతుతోనే అన్నది.

"దాటిన అవ్వా. బియ్యం కడుగు."